సగం పరిమాణపు కండరాల నమూనా: ఆకృతి చక్కగా ఉంది, తంతువుల అమరిక కొంతవరకే

అనాటమీ బోధన కోసం తయారయ్యే మానవ కండరాల నమూనాలలో సగం పరిమాణపు బొమ్మకు ఎప్పుడూ గిరాకీ ఉంటుంది. పూర్తి పరిమాణపు నమూనా బరువు ఎక్కువ, దానికి చోటూ ఎక్కువ కావాలి; సగం కన్నా చిన్నదైతే ముంజేతి కండరాలు ఒకదానితో ఒకటి కలిసిపోయి కనిపిస్తాయి. ఇక్కడ సమీక్షిస్తున్న నమూనా గట్టి ప్లాస్టిక్‌తో చేసిన, నిలబడిన భంగిమలోని సగం పరిమాణపు బొమ్మ. దీని పై పొరలోని ముఖ్యమైన కండరాలను ఒక్కొక్కటిగా ఊడదీసి మళ్లీ బిగించుకోవచ్చు. ప్రతి భాగం మీదా ఒక అంకె, ఆ అంకెలను వివరించే చిన్న పుస్తకం, నిలబెట్టడానికి ఒక పీఠం దీనితో పాటు వస్తాయి. అస్థి కండరాలను వాటి ఆకృతిని బట్టి, తంతువుల అమరికను బట్టి వర్గీకరించి చూపడమే దీని ప్రత్యేకత అని పెట్టె మీద రాశారు. అందువల్ల ఈ సమీక్షలో నేను ప్రధానంగా పరిశీలించింది ఆ ఒక్క విషయాన్నే. కండరాల మీద గీసిన సన్నని గీతలు నిజమైన తంతువులు నడిచే దిశలోనే నడుస్తున్నాయా, లేక ఎరుపు రంగు మీద అందం కోసం గీసినవా అన్నదే నా ప్రశ్న.

ఈ ప్రశ్నకు ఇంత ప్రాధాన్యం ఎందుకో ముందుగా చెప్పాలి. ఒక కండరం ఎక్కడ మొదలై ఎక్కడ ముగుస్తుందో ఏ నమూనా అయినా చూపిస్తుంది. కానీ దాని తంతువులు ఎంత పొడవున్నాయి, కండరాన్ని ఎముకకు కలిపే తెల్లని పట్టీ అయిన టెండన్‌కు ఏ కోణంలో అతుక్కున్నాయి అన్నవి తెలిసినప్పుడే ఆ కండరం ఏ పనికి తగినదో అర్థమవుతుంది. కండర తంతువు సంకోచించినప్పుడు సుమారుగా తన పొడవులో సగం మేరకు కురచ కాగలదు. కాబట్టి తంతువు ఎంత పొడవైతే కండరం ఎముకను అంత దూరం లాగగలదు. బలం మాత్రం పొడవు మీద కాక, పక్కపక్కనే ఉండి ఒకేసారి లాగే తంతువుల సంఖ్య మీద, అంటే తంతువులకు అడ్డంగా కోసినప్పుడు వచ్చే మొత్తం వైశాల్యం మీద ఆధారపడుతుంది. ఒకే ఘనపరిమాణంలో పొడవైన తంతువులను కొన్నింటిని అమర్చవచ్చు, లేదా పొట్టి తంతువులను చాలా ఎక్కువగా అమర్చవచ్చు. రెండు ప్రయోజనాలూ ఒకే కండరంలో పూర్తిగా దొరకవు. కండరాల వర్గీకరణ అంతా ఈ ఎంపిక చుట్టూనే తిరుగుతుంది.

దీనికి తొడ మీది సార్టోరియస్‌ను, పిక్కలోని సోలియస్‌ను మించిన ఉదాహరణ నాకు కనిపించదు. వయోజనులలో ఈ రెండు కండరాలూ 40 సెంటీమీటర్లకు కాస్త అటూ ఇటూగా, దాదాపు ఒకే పొడవు ఉంటాయి. అయితే సార్టోరియస్‌లో తంతు కట్టలు దాదాపు కండరమంత పొడవునా, అంటే సుమారు 40 సెంటీమీటర్లు సాగితే, సోలియస్‌లో అవి 4 నుంచి 5 సెంటీమీటర్లకు మించవు. సోలియస్ తన పొట్టి తంతువులను 25 నుంచి 30 డిగ్రీల కోణంలో ఏటవాలుగా, లెక్కకు మిక్కిలిగా పేర్చుకుంటుంది. ఫలితంగా దాని తంతువుల అడ్డుకోత వైశాల్యం సార్టోరియస్ వైశాల్యానికి 20 రెట్లకు పైగా ఉంటుంది. ఒకటి తుంటినీ మోకాలినీ విశాలమైన పరిధిలో కదిలించే పనిలో పాల్గొంటే, మరొకటి మనం నిలబడినంత సేపూ శరీర బరువు ముందుకు ఒరగకుండా కాలి కింది భాగాన్ని వెనక్కి లాగి పట్టుకుంటుంది. బయటి కొలతలు చూసి ఈ తేడాను ఎవరూ ఊహించలేరు. నమూనా మీద గీతలు సరిగ్గా ఉంటే, చూడగానే తెలిసిపోతుంది.

ఇక నమూనా విషయానికి వస్తే, సార్టోరియస్ దీనిలో ఎంతో శ్రద్ధగా చేసిన భాగం. కటి ఎముక ముందు భాగంలోని పై మొన దగ్గర మొదలై, తొడను ఏటవాలుగా దాటి, మోకాలి లోపలి పక్కగా జంఘాస్థి (మోకాలి కింది పెద్ద ఎముక) మీద ముగిసే ఆ సన్నని పట్టీని విడిగా తీసి చేతిలో పట్టుకోవచ్చు. గీతలు ఈ కొస నుంచి ఆ కొస వరకు తెగకుండా, పట్టీ వంపుతో పాటే వంగుతూ నడుస్తాయి. సమాంతర అమరిక అంటే ఏమిటో ఒక విద్యార్థికి చెప్పవలసి వస్తే ఈ ఒక్క భాగాన్ని చేతికి ఇస్తే సరిపోతుంది.

పొట్ట ముందు భాగంలోని రెక్టస్ అబ్డామినిస్ కూడా సమాంతర వర్గానికి చెందినదే అయినా, అడ్డంగా వచ్చే టెండన్ పట్టీలు దానిని గదులుగా విడదీస్తాయి. సాధారణంగా ఇవి మూడు ఉంటాయి: ఒకటి నాభి మట్టంలో, ఒకటి ఉరోస్థి (ఛాతీ మధ్య ఎముక) కింది కొస దగ్గర, మరొకటి ఆ రెండింటి నడుమ. ఈ పట్టీలు కండరం ముందు ముఖానికే ఎక్కువగా పరిమితమై ఉంటాయి, మందం అంతటా దిగడం అరుదు. తయారీదారులు ముందు వైపు మూడు పట్టీలనూ తెల్లగా చూపి, వెనుక ముఖాన్ని తెగని గీతలతో వదిలారు. ఊడదీసి తిప్పి చూసేవారి కోసం ఇంత జాగ్రత్త తీసుకోవడం నాకు నిజంగా సంతోషం కలిగించింది. బైసెప్స్ విషయంలోనూ పొరపాటు లేదు. మధ్యలో ఉబ్బి రెండు కొసల వద్ద సన్నబడే కండె ఆకారం, పైన రెండు తలలు (కండరం మొదలయ్యే పాయలు), కింద ఒకే టెండన్ స్పష్టంగా ఉన్నాయి. ఉబ్బిన చోట గీతలు కాస్త ఎడంగా జరిగి, కొసల వద్ద దగ్గరవుతాయి.

త్రిభుజాకార కండరాలలో ఈ నమూనాకు గర్వకారణం అనదగినది ఛాతీ మీది పెక్టోరాలిస్ మేజర్. జత్రుక (మెడ కింది అడ్డ ఎముక), ఉరోస్థి, పై పక్కటెముకల మృదులాస్థులు అనే విశాలమైన హద్దు నుంచి బయలుదేరిన తంతువులు భుజాస్థి (పై చేతి ఎముక) పైభాగంలోని ఒక సన్నని గట్టు వద్దకు చేరుకుంటాయి. ఇంతవరకు ఏ చౌక నమూనా అయినా చూపిస్తుంది. అసలు సంగతి ఆ చేరుకునే తీరులో ఉంది. కింది పక్కటెముకల దగ్గర బయలుదేరిన తంతువులు పై తంతువుల వెనుకగా మెలి తిరిగి పైకి వెళ్లి, భుజాస్థి మీద వాటికన్నా ఎత్తున అతుక్కుంటాయి. అంటే అన్నింటికన్నా కింద మొదలైనవి అన్నింటికన్నా పైన ముగుస్తాయి. చంక ముందరి మడత గుండ్రంగా, మందంగా ఉండడానికి ఈ మెలికే కారణం. ఈ నమూనాలో ఆ కండరాన్ని ఊడదీసి వెనుక వైపు చూస్తే, కింది అంచు లోపలికి మడత పడి పైకి ఎక్కుతున్నట్లు పోతపోశారు, గీతలను కూడా ఆ మడతతో పాటే తిప్పారు. టెండన్‌లోని రెండు పొరలను విడిగా చూపే సన్నని గాడి కూడా ఉంది. చేతిని పైకి ఎత్తినప్పుడు ఈ మెలిక విడిపోయి తంతువులు దాదాపు సమాంతరంగా వస్తాయని విద్యార్థులకు వివరించడానికి ఇంత చక్కని ఆధారం ప్లాస్టిక్‌లో దొరకడం అరుదు.

కణత మీది టెంపొరాలిస్ కూడా సరిగ్గానే ఉంది. ముందు గీతలు నిలువుగా, వెనుకవి దాదాపు అడ్డంగా నడుస్తాయి. దవడను మూసే పనిలోనూ, ముందుకు వచ్చిన దవడను వెనక్కి లాగే పనిలోనూ ఒకే కండరం ఎలా పాల్గొంటుందో చెప్పడానికి అది చాలు. కంటి చుట్టూ, నోటి చుట్టూ ఉండే వలయాకార కండరాల గురించి ఎక్కువ చెప్పవలసింది లేదు. అవి తలలో భాగంగా పోసి ఉన్నాయి, ఊడిరావు. కంటి చుట్టూ గీతలు బాగున్నాయి. నోటి చుట్టూ మాత్రం పెదవుల మూలల్లో ఇతర ముఖ కండరాలు వచ్చి కలిసే చోటు గజిబిజిగా ఉంది.

అసలైన పరీక్ష పెన్నేట్ కండరాల దగ్గర వస్తుంది. ఈక మధ్య కాడ నుంచి పోగులు ఏటవాలుగా విచ్చుకున్నట్లు, వీటిలో పొట్టి తంతువులు టెండన్‌కు కోణంలో అతుక్కుంటాయి. టెండన్‌కు ఒక వైపునే తంతువులుంటే యూనిపెన్నేట్, రెండు వైపులా ఉంటే బైపెన్నేట్, అనేక టెండన్ పొరల నడుమ గుంపులు గుంపులుగా ఉంటే మల్టీపెన్నేట్. కోణంలో లాగడం వల్ల ప్రతి తంతువు బలంలో కొంత భాగం టెండన్ దిశలో పనికిరాకుండా పోతుంది. అయితే ఆ నష్టం చాలామంది అనుకునేంత ఉండదు. కోణం 30 డిగ్రీలు ఉన్నా దాని కొసైన్ విలువ 0.87, అంటే నష్టం 13 శాతం మాత్రమే. దానికి బదులుగా అడ్డుకోత వైశాల్యం ఎన్నో రెట్లు పెరుగుతుంది. డేనిష్ శాస్త్రజ్ఞుడు నికోలస్ స్టెనో 1667 నాటికే ఏటవాలు తంతువులున్న కండరాన్ని జ్యామితీయ ఆకృతిగా గీసి, కండరం తన ఘనపరిమాణం పెరగకుండానే సంకోచించగలదని వాదించాడు. సూక్ష్మదర్శినిలో కండరాల లోపలి నిర్మాణం ఇంకా సరిగ్గా తెలియని రోజుల్లో, కేవలం తంతువుల దిశను శ్రద్ధగా గమనించి అంత దూరం ఆలోచించగలగడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యంగానే ఉంటుంది. గీతల దిశ మీద నేను ఇంత పట్టుదల చూపడానికి అదీ ఒక కారణం.

ఈ వర్గంలో నమూనా ఒక చోట బాగా నెగ్గింది, రెండు చోట్ల నిరాశపరిచింది. నెగ్గిన చోటు రెక్టస్ ఫెమోరిస్. తొడ ముందు భాగం మధ్యలో ఉండే ఈ కండరం బైపెన్నేట్ తరగతికి పాఠాల్లో తరచుగా చెప్పే ఉదాహరణ. ఉపరితలం మీద గీతలు మధ్య రేఖ నుంచి రెండు పక్కలకూ ఏటవాలుగా కిందికి దిగుతాయి. లోపలి ముఖం మీద మాత్రం అవి నిటారుగా మోకాలి వైపు సాగుతాయి. నిజమైన కండరంలోనూ పై తంతువులు బైపెన్నేట్‌గా, లోతు తంతువులు నిటారుగా ఉంటాయి. ఒకే కండరంలో రెండు అమరికలు ఉండగలవని చూపడం వల్ల వర్గీకరణను గట్టి అరలుగా భావించే అలవాటు విద్యార్థులలో తగ్గుతుంది.

నిరాశపరిచిన వాటిలో మొదటిది భుజాన్ని కప్పే డెల్టాయిడ్. ఈ కండరానికి ముందు, మధ్య, వెనుక అని మూడు భాగాలు ఉంటాయి. ముందు, వెనుక భాగాలలో తంతువులు పొడవుగా, దాదాపు సమాంతరంగా ఉంటాయి. మధ్య భాగం మల్టీపెన్నేట్. భుజం పై కొసన ఉండే ఆక్రోమియన్ అనే ఎముక మొన నుంచి నాలుగు టెండన్ పొరలు కిందికి దిగుతాయి, భుజాస్థి మీది గరుకు ప్రదేశం నుంచి మూడు పైకి వస్తాయి, ఒకదాని సందులోకి మరొకటి చొచ్చుకుపోయే ఆ పొరల నడుమ పొట్టి తంతువులు ఏటవాలుగా బిగుసుకుని ఉంటాయి. చేతిని పక్కకు ఎత్తడానికి, ఎత్తిన చేతిని బరువుతో సహా అలాగే నిలపడానికి కావలసిన బలం ఈ అమరిక నుంచే వస్తుంది. ఈ నమూనాలో మాత్రం డెల్టాయిడ్ మూడు భాగాలూ ఒకే తీరున ఉన్నాయి. పైనుంచి కిందికి కలుస్తూ వెళ్లే గీతలే తప్ప, మధ్య భాగంలో ఒక్క తెల్లని పొర కూడా లేదు. బయటి ఆకారం అద్భుతంగా ఉంది, భుజం గుండ్రదనం కచ్చితంగా ఉంది. లోపల బలం ఎక్కడిదో చెప్పే గుర్తు మాత్రం లేదు. తంతువుల అమరికే ప్రత్యేకతగా చెప్పుకునే నమూనాలో, మల్టీపెన్నేట్ అనగానే పాఠాలలో మొదట చెప్పే కండరం ఇలా ఉండడం తీవ్రమైన లోపమని నా అభిప్రాయం.

రెండవది సోలియస్. పిక్క పై పొరలోని గాస్ట్రోక్నీమియస్‌ను ఊడదీస్తే సోలియస్ వెడల్పుగా కనిపిస్తుంది, అదీ విడిగా తీయవచ్చు. కానీ దాని వెనుక ముఖం మీద గీతలు మోకాలి దగ్గర మొదలై మడమ దాకా పొడవునా సాగుతాయి. సగం పరిమాణపు నమూనాలో సోలియస్ తంతువు రెండు, రెండున్నర సెంటీమీటర్లకు మించకూడదు. స్కేలు పెట్టి కొలిస్తే ఈ గీతలు ఒక్కొక్కటీ పదిహేను సెంటీమీటర్లు దాటాయి. ముందు ముఖాన్ని తిప్పి చూస్తే అక్కడ గీతలే లేవు, నున్నని ఎరుపు రంగు మాత్రమే ఉంది. నిజమైన సోలియస్ ముందు ముఖం మధ్యలో ఒక నిలువు టెండన్ పొర ఉండి, రెండు వైపుల నుంచీ పొట్టి తంతువులు దాని మీదకు ఒరిగి ఉంటాయి. అది చూడడానికే ఆ భాగాన్ని ఊడదీస్తాం. సార్టోరియస్‌ను అంత శ్రద్ధగా చేసిన చేతులే సోలియస్‌ను ఇలా వదిలేయడం వల్ల, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి పోల్చే పాఠం ఈ నమూనాతో సాధ్యపడదు.

నమూనాతో వచ్చే పుస్తకం గురించి ప్రత్యేకంగా చెప్పాలి, ఎందుకంటే డెల్టాయిడ్ లోపానికి మూలం అక్కడే ఉందనిపిస్తుంది. అందులోని పట్టికలో ప్రతి కండరానికీ ఒకే ఒక గడి ఉంది. డెల్టాయిడ్ ఎదురుగా త్రిభుజాకారం అని రాసి ఊరుకున్నారు. బయటి ఆకృతిని బట్టి అది తప్పు కాదు. కానీ ఆకృతి, తంతువుల అమరిక అనేవి వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. డెల్టాయిడ్ ఆకృతిలో త్రిభుజం, అమరికలో దాని మధ్య భాగం మల్టీపెన్నేట్. వీపు మీది రాంబాయిడ్ కండరాలు ఆకృతిలో ఏటవాలు చతుర్భుజాలు, అమరికలో సమాంతరం. ముంజేతి కింది భాగంలోని ప్రొనేటర్ క్వాడ్రేటస్ చతురస్రాన్ని పోలి ఉంటుంది, దాని తంతువులు అడ్డంగా, దాదాపు సమాంతరంగా నడుస్తాయి. ఈ రెండు జవాబులకూ రెండు నిలువు వరుసలు పెట్టి ఉంటే పుస్తకం విలువ ఎంతో పెరిగేది. తలల సంఖ్యను, పొట్టల (కండరంలోని కండ భాగాల) సంఖ్యను కూడా అదే గడిలో ఇరికించడం వల్ల, దవడ కింద ఉండే డైగాస్ట్రిక్ కండరానికి రెండు పొట్టలున్నాయన్న విషయమే దాని ఆకృతిగానూ, అమరికగానూ చెలామణి అయింది. ప్రతి అంకెకూ కండరం పేరు, మొదలయ్యే చోటు, ముగిసే చోటు, చేసే పని మాత్రం సరిగ్గా ఇచ్చారు. వాటిలో నాకు తప్పులు కనిపించలేదు.

తయారీ నాణ్యత మొత్తం మీద మెచ్చుకోదగినది. భాగాలు చిన్న మేకుల వంటి బొడిపెలతో రంధ్రాలలో బిగుసుకుంటాయి. తొడ, ఛాతీ భాగాలు గట్టిగా నిలుస్తాయి. ముంజేతి భాగాల బొడిపెలు మాత్రం సన్నగా ఉన్నందున, పదేపదే తీసి పెట్టే తరగతి గదిలో అవే ముందుగా విరిగే ప్రమాదం ఉంది. రంగు చేతితో వేసినది, తడి గుడ్డతో తుడిస్తే పోలేదు. టెండన్ల తెలుపుకూ కండరాల ఎరుపుకూ నడుమ మార్పు ఒక్కసారిగా కాక మెల్లగా వచ్చేలా వేశారు. కండరం టెండన్‌గా మారే చోటు నిజంగా అలాగే కనిపిస్తుంది కాబట్టి ఇది చిన్న విషయం కాదు.

ఏ ప్లాస్టిక్ నమూనాకైనా ఉండే ఒక పరిమితిని ఇక్కడ గుర్తుంచుకోవాలి. పెన్నేట్ కండరం సంకోచించినప్పుడు తంతువులు పొట్టివి కావడంతో పాటు వాటి కోణం కూడా పెరుగుతుంది. అల్ట్రాసౌండ్ ప్రోబ్‌ను పిక్క మీద ఆనించి, మడమ ఎత్తమని చెబితే తంతు కట్టలు నిటారుతనం పెంచుకుంటూ తిరగడం తెర మీద కనిపిస్తుంది. శవచ్ఛేదనలో తంతువుల నిజమైన దిశ, పొరల లోతు తెలుస్తాయి. నమూనా ఈ రెండింటి స్థానాన్నీ తీసుకోలేదు, తీసుకోనవసరమూ లేదు. ఆ రెండింటికీ వెళ్లే ముందు ఏమి చూడాలో నేర్పగలిగితే దాని పని అది చేసినట్టే. పెక్టోరాలిస్ మేజర్, రెక్టస్ ఫెమోరిస్, సార్టోరియస్ విషయంలో ఈ నమూనా ఆ పని పూర్తిగా చేస్తుంది.

నర్సింగ్ విద్యార్థులకు, యోగా, వ్యాయామ శిక్షకులకు, శరీరాన్ని గీయడం నేర్చుకునే చిత్రకారులకు ఈ నమూనాను నేను సంకోచం లేకుండా సిఫార్సు చేస్తాను. వారికి ప్రధానంగా కావలసినవి కండరాల స్థానం, ఆకృతి, ఒకదాని కింద మరొకటి ఉండే తీరు. అవి దీనిలో నమ్మదగినవిగా ఉన్నాయి. ఫిజియోథెరపీ, వైద్య విద్యార్థులకు బోధించే విభాగాలు మాత్రం డెల్టాయిడ్, సోలియస్ భాగాలను ఈ నమూనా ఆధారంగా బోధించకూడదు. ఆ రెండింటికీ నిజమైన అమరికను చూపే మంచి చిత్రపటాన్ని పక్కనే పెట్టుకోవాలి. ఓపిక ఉన్న అధ్యాపకులు సోలియస్ ముందు ముఖం మీద చెరగని సిరాతో మధ్య పొరను, దాని మీదకు ఒరిగే పొట్టి గీతలను తామే గీసుకోవచ్చు. ఆ ముఖం నున్నగా వదిలినందున అందుకు వీలుంది. డెల్టాయిడ్‌కు ఆ ఉపాయం కుదరదు, ఎందుకంటే దాని మీద గీతలను గాట్లుగా పోతలోనే దించారు.

తయారీదారులు తరువాతి కూర్పులో డెల్టాయిడ్ మధ్య భాగాన్ని ఒక పలకగా తెరుచుకునేలా చేసి, లోపలి ఏడు పొరలనూ చూపితే, పెట్టె మీద రాసిన మాట అక్షరాలా నిజమవుతుంది. ఈలోగా ఇదే తరహా నమూనాలు కొనేవారు, ఏ తయారీదారు దగ్గరైనా సరే, డబ్బు చెల్లించే ముందు డెల్టాయిడ్ మధ్య భాగం, సోలియస్ ముందు ముఖం, పెక్టోరాలిస్ మేజర్ వెనుక ముఖం, ఈ మూడింటి దగ్గరి ఫొటోలు అడిగి తెప్పించుకుని చూడాలి.